నీళ్ళ సగం

బి.ఏ. పరీక్షలు అయిపోయిన మర్నాడు, 1955 వేసవి మొదట్లో, నేను చెయ్యవలసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి మా ఇంటి తడికెకు గుచ్చాను. వానలకు ముందే తాటాకు కప్పించాలి. అన్నయ్యకు కళ్ళజోడు వేయించాలి. స్కూళ్ళకు అర్జీలు పెట్టాలి, కనీసం ఆరు. గోడల మీద మిగిలిపోయిన ఎన్నికల పోస్టర్లు చిరగకుండా ఊడదీసి పాండురంగారావు గారి షెడ్డుకు చేర్చాలి. సంఘం మినిట్సు పుస్తకం ఎప్పటికప్పుడు రాసెయ్యాలి. నా పటం జూన్ మొదటి వారానికి పూర్తిచెయ్యాలి. వదినకు అక్షరాలు నేర్పాలి.

ఆ ఆఖరిది నేను ఇంటర్మీడియట్లో చేరిన దగ్గర్నుంచీ ప్రతి వేసవి కాగితంలోనూ ఉంది. తక్కినవన్నీ ఆ ఏడు చేశాను.

మాది ఏలూరు. కాలవగట్టు దగ్గర, చర్చి వెనక రెండు గదుల తాటాకిల్లు. అన్నయ్య దేవసహాయం గోనెసంచుల మిల్లులో పనిచేసేవాడు. వదిన యేసమ్మ పాత పేపర్లు కొనుక్కొచ్చి, కత్తిరించి, కిరాణా కొట్లకు కాగితం సంచులు అంటించి ఇచ్చేది. మా అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచీ నన్ను పెంచింది వదినే. మా వంశంలో కాలేజీ గుమ్మం తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. తొక్కించింది ఆ సంచులు.

ఆ ఫిబ్రవరిలో ఎన్నికలయ్యాయి. ఊళ్ళో గోడలన్నీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కాగితాలు ఒకదాని మీద ఒకటి పొరలు కట్టి ఉండేవి. రిటైరైన డ్రాయింగు మేష్టారు పాండురంగారావు గారికి బజార్లో పటాలకు ఫ్రేములు కట్టే కొట్టు ఉంది. ఆయన ఏదో ఫ్రెంచి పత్రికలో బొమ్మలు చూశారట. "రంగులు కొనక్కర్లేదయ్యా. రంగంతా గోడల మీదే ఉంది. చింపుకొచ్చి అట్ట మీద అంటించడమే. దాన్ని కొలాజ్ అంటారు" అన్నారు. అలా మొదలైంది మా సంఘం. ఊరు మాత్రం మమ్మల్ని అతుకుల సంఘం అంది.

ఆదివారం మధ్యాహ్నాలు కొట్టు వెనక రేకుల షెడ్డులో కూర్చునేవాళ్ళం. తాడేపల్లిగూడెంలో సినిమా బ్యానర్లు రాసే సత్తిరాజు ప్యాసింజరు బండెక్కి వచ్చేవాడు. ఆడపిల్లల స్కూల్లో కుట్టుపని చెప్పే వెంకటలక్ష్మి గారు గుడ్డపీలికలు సంచీనిండా తెచ్చేవారు. నేను కార్యదర్శిని. షెడ్డు తాళం నా దగ్గరే ఉండేది.

నా పటం పేరు నవభారతం. ఒక ఆనకట్ట, ఒక ట్రాక్టరు, ఒక బడి, మూలన సూర్యుడు. అన్నీ స్కేలు పెట్టి గీసి, కత్తెరతో గీతమీదే కత్తిరించాను. కాని అంటించిన ప్రతిదీ తెల్లారేసరికి బుడగలు లేచేది.

"ఏంటండి కార్యదర్శిగారూ, మీ ట్రాక్టరుకు ఆటలమ్మ పోసింది" అన్నాడు సత్తిరాజు.

"నీ బ్యానర్ల మీద హీరోలకు రోజూ మశూచికమేగా" అన్నారు వెంకటలక్ష్మి గారు. నవ్వారు. నేను నవ్వలేదు.

"మా వదిన రోజుకు మూడొందల సంచులు అంటిస్తుందండి. ఒక్కటీ ఉబ్బదు. ఎలాగో అడిగొస్తాను" అన్నాను.

"అడిగి రావడమేంటయ్యా, ఆవిడనే తీసుకురా" అన్నారు పాండురంగారావు గారు.

ఆమె పేరు ఆ షెడ్డులో ముందుగా ఎత్తింది నేనే. ఆ తర్వాత ఆ మాట ఎన్నిసార్లు మింగబోయానో చెప్పలేను.

ఆ పై ఆదివారం వదిన చర్చి చీరతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "లోపలికి రామ్మా" అని రెండుసార్లు పిలిస్తేగాని రాలేదు. నా పటం దగ్గర కూర్చుని, బుడగ మీద వేలుపెట్టి నొక్కి చూసింది.

"కాగితానికి దాహం ఎక్కువండి. ముందు దాన్ని తాగనివ్వాలి. తాగితే సాగుద్ది. సాగాక అప్పుడు జిగురు. మీరు పొడి కాగితానికి రాస్తన్నారు. అది అట్ట మీదకెళ్ళాక తాగి, అక్కడ ఉబ్బుద్ది."

"మరి అంటించేసింది ఎలాగమ్మా తియ్యడం?"

"తడిగుడ్డ పరిచి, నూరు లెక్కెట్టి, గోటితో మూల ఎత్తండి. అరటిపండు తొక్క వొలిచినట్టు వచ్చేస్తాది." చేసి చూపించింది. నా ట్రాక్టరు చిరక్కుండా ఆమె అరచేతిలోకి వచ్చింది.

జిగురులో మైలుతుత్తం కలపాలని, లేకపోతే బొద్దింకలు పటాన్ని ఉంచవని కూడా ఆమే చెప్పింది. "ఈవిడ మనకి గురువమ్మరా" అన్నారు పాండురంగారావు గారు. వెంకటలక్ష్మి గారు ఒక చిన్న అట్టముక్క ఆమె చేతిలో పెట్టి, "ఊరికే కూర్చోవడమెందుకు, మీరూ ఏదైనా అంటించండి" అన్నారు.

ఆ ఆదివారం ఆమె కత్తెర అడగలేదు. ఏ కాగితం ఎటు చింపితే తిన్నగా చిరుగుతుందో, ఎటు చింపితే వంకర పోతుందో ఆమె వేళ్ళకు తెలుసు. సాయంకాలానికి మిల్లు గేటు తయారైంది. షిఫ్టు వదిలిన వేళ జనం బైటికొస్తున్నారు. గోడకు గోనెరంగు కాగితం. మనుషుల తలలకు అగ్గిపెట్టె పక్కనుండే గరుకు పట్టీని చిన్న చిన్న ముక్కలుగా చింపి పెట్టింది. ఒక్క ముఖం లేదు. అయినా అందులో మా అన్నయ్య ఎవడో నేను చూపించగలను. ఎడమ భుజం వాల్చి నడిచే తల ఒకటుంది.

పాండురంగారావు గారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. కుర్చీ ఆ పటం ముందుకు జరుపుకుని కూర్చున్నారు. అంతకుముందు వారం నా పటం చూసి, "శుభ్రంగా ఉందయ్యా" అన్నారు. ఆయన కుర్చీ జరుపుకుని మరీ కూర్చున్నది ఎప్పుడూ నా పటం ముందు కాదు.

మే నెలంతా ఇదే. నేను పోస్టర్లు మోసుకొచ్చేవాణ్ణి, నీళ్ళు తెచ్చేవాణ్ణి, మినిట్సు రాసేవాణ్ణి. "శ్రీమతి యేసమ్మ గారి పటాన్ని సభ్యులు మెచ్చుకున్నారు" అని నా చేత్తోనే రాశాను. సత్తిరాజు గూడెంలో దించేసిన పాత బ్యానరు ముక్కలు తెచ్చి, "వదినగారూ, ఈ నీలం మీకేనండి" అని ఆమె ముందు పెట్టేవాడు. నేను అంతకు నెల ముందు ఆ నీలమే అడిగితే లేదన్నాడు. అన్నయ్య మిల్లు స్నేహితుల్ని వెంటేసుకొచ్చి, "నా పెళ్ళాం కట్టిన పటం" అని చూపించాడు. నాలుగేళ్ళలో ఒక్కసారైనా మా కాలేజీ ఎక్కడుందో చూడ్డానికి రాలేదు వాడు. తీరుబడి లేదని నాకు తెలుసు. తెలిసీ కడుపు రగిలేది.

పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు పేపరు పట్టుకుని షెడ్డుకు పరిగెత్తాను. అందరూ ఒక అట్ట చుట్టూ వంగి ఉన్నారు. "పాసయ్యానండి, రెండో తరగతి" అన్నాను.

"శుభం, శుభం" అన్నారు పాండురంగారావు గారు తల తిప్పకుండానే. "ఇటు రావయ్యా, ఈ దోనె పడవ చూడు. ఒక్క చింపు. ఒకే ఒక్క చింపులో దోనె వచ్చేసింది."

ఆ అట్ట దగ్గర లేచి నిలబడింది వదిన ఒక్కతే. చేతినిండా జిగురుతో నా రెండు బుగ్గలూ పట్టుకుంది. "ఏవండీ, మా అబ్బాయి బి.ఏ. అండి" అని వాళ్ళందరికీ మళ్ళీ చెప్పింది. ఇంటికెళ్ళాక వీధివీధికీ చెప్పింది. పాయసం వండింది. ఆ పాయసం నాకు దిగలేదు. ఆమె మెచ్చుకోకుండా ఉంటే ఆమెను తిట్టుకోవడానికి వీలుండేది. ఆ వీలు కూడా లేకుండా చేసిందని ఆ రాత్రి ఆమె మీద ఇంకాస్త కోపం తెచ్చుకున్నాను.

మే చివర పాండురంగారావు గారు ఒక కబురు చెప్పారు. మద్రాసులో చిత్రప్రదర్శన. ఒక్కో ఊరి సంఘం నుంచి ఒక్క పటమే తీసుకుంటారు. బెజవాడ నుంచి పెద్దమనిషి ఒకాయన వచ్చి ఎంపిక చేస్తారు. జూన్ పదకొండు, శనివారం, మూడు గంటలకు.

నా ఆరు అర్జీలకూ అప్పటికి జవాబు లేదు. మద్రాసు వెళ్ళిన పటం అని ఏడో అర్జీలో ఒక్క వాక్యం రాసుకోగలిగితే చాలనుకున్నాను. అది పైకి చెప్పుకున్న కారణం. లోపలి కారణం ఇంకా చిన్నది. ఆ నలుగురూ ఒక్కసారి నా పటం ముందు కుర్చీ జరుపుకోవాలి.

"పటం వెళ్తే మనిషి కూడా వెళ్ళాలాండి?" అని అడిగింది వదిన.

"అక్కర్లేదమ్మా, రైల్లో పార్శిలు చేస్తాం."

"అయితే మా లంక మద్రాసు చూసొస్తాది" అని నవ్వింది.

కొల్లేటికోట పక్క లంక ఆమె పుట్టిల్లు. పెళ్ళైన మూడో ఏట వరదకు ఆ పాకలు పోయాయి, ఆమె వాళ్ళూ పోయారు. ఆ తర్వాత ఆమె అటు వెళ్ళలేదు. ఇప్పుడు పెద్ద అట్ట అడిగి తీసుకుని ఆ ఊరే అంటిస్తోంది. పై సగంలో పాకలు, కిక్కిస గడ్డి, కట్టేసిన దోనెలు, రెండు గూడబాతులు. పాకల గోడలకు ఎన్నికల పోస్టర్లే, వాటి మీద ఓట్లడిగే అక్షరాలతో సహా. చూసి అందరూ మురిసిపోయారు. కింది సగం ఖాళీ.

"కింద నీళ్ళండి. నీళ్ళు ఆఖర్న. ఎవరూ చూడకుండా చేసుకుంటానండి, సిగ్గు" అంది.

శుక్రవారం సాయంత్రం ఆమె ఒక్కతే కూర్చుని పూర్తిచేసింది. పొద్దుగూకాక తాళం నా చేతికిచ్చి, "అయిపోయింది అబ్బాయ్" అంది.

శనివారం పొద్దున్నే పటాలకు చీటీలు రాసి అంటించడానికి షెడ్డు తీశాను. ఆమె పటం గోడకు ఆనించి ఉంది. కింది సగం చూశాను. అంతా పల్చటి పేపరు, దాని కింద పోస్టరు ముక్కలు. ఒక్క అక్షరం కూడా తిన్నగా లేదు. అన్నీ తలకిందులు.

చదువురాని మనిషి, ఏది పైనో ఏది కిందో తెలియక అంటించేసింది అనుకున్నాను. బెజవాడ ఆయన నవ్వుతాడనుకున్నాను. మా ఇంటి పరువనుకున్నాను. నేను సరిదిద్దాలి, అది నా బాధ్యత అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు పన్నెండేళ్ళప్పుడు చర్చిలో వదిన కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే వెనక బల్లవాళ్ళు నవ్వారు. ఇంటికొచ్చి నేనే ఆమెకు తలకట్టు చూపించాను. "ఇది తలపాగా వదినా. ఇది ఎటుంటే అటు పైకి" అన్నాను. ఆ తర్వాత ఆమె ఏ పుస్తకమూ తప్పు పట్టుకోలేదు.

ఆ సంగతి నాకు ఆ ఉదయం గుర్తు రాలేదని చెప్పలేను.

తడిగుడ్డ పరిచాను. నూరు లెక్కపెట్టాను. గోటితో మూల ఎత్తి మొదటి ముక్క తీశాను, తిప్పి అంటించాను. రెండోదీ అంతే. మూడోది ఎర్రటి ముక్క. దాని ఏటవాలు అంచు పైనున్న పాక గోడకు సరిగ్గా ఆని ఉంది. తిప్పేసరికి ఆనడం మానేసింది. పైన పాకను చూశాను. కింద ఖాళీని చూశాను. మళ్ళీ పైన చూశాను.

గుడ్డ ఆరిపోయింది. లేచి వెళ్ళి మళ్ళీ తడుపుకొచ్చాను.

మధ్యాహ్నానికి అక్షరాలన్నీ నిలబడ్డాయి. అంచులు కలవని చోట్ల సందులు పడితే పేపరు ముక్కలతో పూడ్చాను.

మూడు గంటలకు బెజవాడ ఆయన వచ్చారు. నెమ్మదైన మనిషి. గొడుగు మూలపెట్టి, ఒక్కో పటం ముందూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. వదిన పటం ముందు చాలాసేపు ఆగారు.

"ఇది కొల్లేరాండి? పై సగం చాలా గొప్పగా ఉందండి. ఇలాంటిది నేను చూడలేదు." తర్వాత వంగారు. "కిందికొచ్చేసరికి... బియ్యం రేట్లు... మునిసిపల్ నోటీసు... చదివించేస్తోందండి. నీళ్ళు కనపడకుండా వార్తలు కనపడుతున్నాయి."

సత్తిరాజు నవ్వాడు, ఆపుకున్నాడు. పాండురంగారావు గారి మొహం పాలిపోయింది. "ఏంటమ్మా ఇది? నువ్వు అనుకున్నది ఇదేనా?" అన్నారు.

వదిన దగ్గరకొచ్చింది. వేలి కొనతో కింది సగం తాకింది. ఇంకా తడి ఉంది. పూడ్చిన సందుల మీద ఒక దాని తర్వాత ఒకటిగా వేలు పోనిచ్చింది. తర్వాత తల ఎత్తకుండానే నా చేతుల వైపు చూసింది. నా గోళ్ళలో కాగితం గుజ్జు ఉంది.

"ఇదేనండి. నీళ్ళు నాకు కుదరలేదండి" అంది.

ఆయన వెంకటలక్ష్మి గారి గుడ్డపటం ముందు కాసేపు, నా నవభారతం ముందు కాసేపు నిలబడ్డారు. "ఇది శుభ్రంగా ఉంది. దీన్ని పంపుదామండి" అన్నారు. అందరూ నన్ను అభినందించారు. ఎవరూ కుర్చీ జరుపుకోలేదు.

బైట కుళాయి దగ్గర వదిన ఆగింది.

"గోళ్ళు కడుక్కో అబ్బాయ్. తుత్తం ఉంది. అన్నం తినే చెయ్యి."

ఆమె నన్ను అబ్బాయ్ అని పిలవడం అదే ఆఖరు. మర్నాడు పొద్దున నేను చొక్కా తొడుక్కుంటుంటే, పొయ్యి దగ్గర్నుంచి, "భోజనానికి వస్తారాండి, ఆలస్యమవుద్దా?" అంది. ఎవరినో అడుగుతోందనుకుని వెనక్కి చూశాను.

అన్నయ్య పగలబడి నవ్వాడు. "బి.ఏ. అయ్యాడుగదా మరి, మర్యాద ఇవ్వాలిరోయ్" అన్నాడు.

"మరేనండి" అంది వదిన.

తొమ్మిదో ఏట నుంచీ నువ్వు అన్న మనిషి మీరు అంటే ఏమవుతుందో మా అన్నయ్యకు తెలియదు. అన్నం అదే, కూర అదే, చేపతల నా కంచంలోనే వేసేది. కాని వడ్డించి, పరాయివాళ్ళకు పెట్టినట్టు పక్కకు తప్పుకుని నిలబడేది. జూలైలో తాడేపల్లిగూడెం హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఆ రోజు కూడా వీధంతా చెప్పింది, "మా ఇస్సాకు గారికి ఉద్యోగమైంది" అని. అప్పట్నుంచీ మేష్టారు అంటుంది. రైలుకు గంట దూరం కూడా లేని ఊరే. వారం వారం వెళ్ళొచ్చే వాణ్ణి నెలకోసారి, తర్వాత పండక్కోసారి వెళ్ళడం మొదలుపెట్టాను.

ఆమె మళ్ళీ షెడ్డుకు రాలేదు. పాండురంగారావు గారు రెండుసార్లు కబురంపితే, "సంచుల పని ఎక్కువగా ఉందండి" అని చెప్పి పంపింది. ఒక్కసారి మాత్రం వెళ్ళి, ఆ పెద్ద పటం మీది కాగితాలన్నీ తనే తడిపి ఒలిచేసి, ఒట్టి అట్ట ఆయనకిచ్చింది. "అట్ట మంచిదండి. ఎవరికైనా పనికొస్తాది" అందట. నవభారతం మద్రాసు వెళ్ళి సెప్టెంబరులో తిరిగొచ్చింది. ఎవరూ దాని గురించి ఏమీ రాయలేదు.

పోయిన ఏడు ఈస్టరుకు వెళ్ళినప్పుడు అన్నయ్య లేని సమయం చూసి, "వదినా, ఆ నీళ్ళ సగం" అని మొదలుపెట్టాను.

"ఇప్పుడెందుకండి మేష్టారూ అవన్నీ" అంది. "టీ చల్లారిపోద్ది, తాగండి."

ఆ నీళ్ళ సగాన్ని చూసినవాళ్ళం ఇద్దరమే. ఆమె చెప్పదు. కాబట్టి నేను చెప్పాలి.

పైనున్న పాకలన్నీ కింద తలకిందులుగా ఉన్నాయి, కాని పైవాటికంటే కొంచెం పొడుగ్గా. పొద్దు వాలే వేళ కొల్లేట్లో నీడలు అలాగే సాగుతాయి. పైన ఎర్రగా ఉన్న గోడ, కింద పల్చటి పేపరు పొర మాటున గులాబిరంగులో ఉంది. గోడల మీద అక్షరాలు నీళ్ళలో పడ్డట్టే పడ్డాయి. దోనెల నీడలు దోనెల్ని ముట్టుకునే చోట కాగితం ఇంత సన్నగా చింపింది, కదులుతున్నట్టు. పైన గట్టు మీద ఒక్క మనిషి కూడా లేడు. కింద నీళ్ళలో మాత్రం, ఆ ఖాళీ గట్టుకు సరిగ్గా కింద, ఒక ఆడపిల్ల నీడ ఉంది. చంకలో బిందె. అన్నిటికంటే ఆఖర్న తిప్పిన ముక్క అదే. తిప్పాక అది మనిషిలాగే లేదు.

అలాంటి పటం ఒకటి 1955 జూన్‌లో ఏలూరులో ఒక్క రాత్రి ఉంది. దాన్ని చేసింది కొల్లేటికోట దగ్గర లంకలో పుట్టిన యేసమ్మ. ఆమె ఇప్పటికీ కాలవగట్టున సంచులు అంటిస్తూనే ఉంది. చదివినవాళ్ళు నన్ను మర్చిపోయినా ఫర్వాలేదు. ఆమెను గుర్తుపెట్టుకోండి.